అన్నయ్య గ్రాఫు చూపిస్తాడు, నేను ‘అమ్మబడును’ బోర్డులు లెక్కపెడతాను

పేరు రాయవద్దని కోరుతూ వచ్చిన ఉత్తరం ఇది. చాలా పొడవైనది కాబట్టి కుదించి ఇస్తున్నాను.

రాసినావిడకు నలభై నాలుగేళ్ళు. తండ్రి 38 ఏళ్ళ కిందట కట్టించిన ఇల్లు ఇప్పుడు ఆమె పేరునా, అన్నగారి పేరునా సగం సగం ఉంది. తల్లి పోయి రెండేళ్ళయింది. అప్పటినుంచి ఇంటికి తాళమే. వెనక గది పైకప్పు కారుతోంది. ఈమె ఉద్యోగం వేరే ప్రాంతంలో. పదకొండేళ్ళుగా అక్కడ అద్దె ఇంట్లో ఉంటున్నారు. అక్కడ ఇళ్ళ ధరలు ఆగడం లేదు. “మేము దాచుకున్నది ఒక మెట్టు ఎక్కేసరికి ధర మూడు మెట్లు ఎక్కి కూర్చుంటోంది” అని రాశారు. పుట్టింటిని అమ్మేసి, తన సగంతో ఉన్నచోట సొంత ఇల్లు కొనుక్కోవాలని ఆమె కోరిక.

అన్నగారు వద్దంటున్నారు. ఆయనకు సొంత ఇల్లుంది, తొందర లేదు. ఆ ప్రాంతంలో ఇళ్ళ ధరలు నాన్నగారి కాలం నుంచి ఎలా నడిచాయో ఒక గ్రాఫు తెచ్చి, “పన్నెండింతలైంది. ఈ గీత ఎక్కడైనా కిందికి దిగిందేమో చూపించు” అన్నారట. ఈమె దగ్గర గ్రాఫు లేదు. వెళ్ళినప్పుడల్లా ఆ వీధిలో ‘ఇల్లు అమ్మబడును’ బోర్డులు లెక్కపెడుతున్నారు. నిరుడు నాలుగు, ఇప్పుడు పదకొండు. రెండేళ్ళ కిందటితో పోలిస్తే అక్కడ అమ్మకాలు సగానికి పడిపోయాయని, ధర మాత్రం తగ్గలేదని విన్నారు. ఒక బ్రోకరు ‘ఇప్పుడే వదిలించుకోండి’ అంటే ఇంకో బ్రోకరు ‘రెండేళ్ళు ఆగండి’ అంటున్నాడు. భర్త ‘అది మీ అన్నాచెల్లెళ్ళ విషయం’ అని తప్పుకున్నారు. మూడు నెలలుగా ఇద్దరి మధ్యా మాటలు వదినగారి ద్వారానే. అమ్మకాలు సగమైనా ధర ఎందుకు తగ్గదు? అన్నయ్య గ్రాఫు నమ్మాలా? నేనే తొందరపడుతున్నానా? ఇవీ ఆమె ప్రశ్నలు. చివర్లో ఒక్క వాక్యం: “చిన్నప్పటి నుంచీ ప్రతి వాదనలో అన్నయ్యే గెలుస్తాడు.”

సమాధానం

మీ బోర్డుల లెక్కతో మొదలుపెడదాం. అన్నయ్య గ్రాఫు ముందు అది చిన్నదని మీరే అనుకుంటున్నారు గానీ, అది మంచి గమనికే. కాకపోతే అది చెప్పే సంగతి మీరు అనుకున్నది కాకపోవచ్చు.

షేర్లయితే కొనేవాళ్ళు తగ్గిన నిమిషంలోనే ధర పడిపోతుంది. ఇంటి విషయంలో అలా జరగదు. అమ్మేవాడి మనసులో ఒక అంకె ఉంటుంది. నిరుడు పక్కింటివాళ్ళకు వచ్చిన ధరో, తాను కొన్న ధరో. దానికి తక్కువైతే నష్టపోయానన్న బాధ. అందుకని ధర దించడు, బోర్డు పెట్టుకుని కూర్చుంటాడు. 1990లలో అమెరికాలోని బోస్టన్ నగరం నడిబొడ్డున ఫ్లాట్ల అమ్మకాలను డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించి 2001లో ఒక పరిశోధన ప్రచురించారు. కొన్న ధర కంటే ఇప్పటి విలువ తక్కువగా ఉన్నవాళ్ళు, ఆ తేడాలో పాతిక నుంచి ముప్ఫై అయిదు శాతం దాకా అదనంగా కలిపి ధర చెప్పారట. వాళ్ళ ఫ్లాట్లు అమ్ముడుపోవడానికి మిగతావాటి కంటే ఎక్కువ కాలం పట్టింది కూడా. కాబట్టి ఇళ్ళ బజారు చల్లబడినప్పుడు ముందు తగ్గేది అమ్మకాల సంఖ్య. ధర తర్వాత తగ్గవచ్చు, తగ్గకపోనూ వచ్చు.

ఆ ‘తగ్గకపోనూ వచ్చు’ అనే చోటే మీ బ్రోకర్లిద్దరూ విడిపోయారు. రెండు వైపులా ఉదాహరణలున్నాయి. అమెరికాలో 2005లో ఇళ్ళ అమ్మకాలు తారస్థాయికి చేరి తగ్గడం మొదలైంది. ధరలు మాత్రం 2006 దాకా ఎక్కుతూనే ఉన్నాయి. ఆ తర్వాత పడడం మొదలై, 2012కి దేశం మొత్తం మీద సుమారు 27 శాతం తగ్గాయి. అప్పుడు మీలా బోర్డులు లెక్కపెట్టినవాళ్ళే గెలిచారు. అదే దేశంలో ఇటీవల ఇంకోలా జరిగింది. 2021లో 61 లక్షల పాత ఇళ్ళు చేతులు మారాయి, 2023లో 41 లక్షలే. 1995 తర్వాత అప్పటిదాకా అంత తక్కువ ఎప్పుడూ లేదు. అయినా 2023లో సగటు ఇంటి ధర అంతకుముందు ఏ ఏడాదీ లేనంత ఎక్కువకు చేరింది. ఈసారి మీ అన్నయ్య గెలిచాడన్నమాట.

తేడా ఎక్కడుంది? మొదటిసారి, కట్టలేని అప్పులతో కొన్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు. వాళ్ళు ఆగలేరు, బ్యాంకులూ ఆగలేవు. వచ్చిన ధరకు అమ్మక తప్పలేదు. రెండోసారి, జనం మూడు శాతం వడ్డీకి ముప్ఫై ఏళ్ళ అప్పులు తీసుకుని హాయిగా ఉన్నారు. 2023 అక్టోబరుకల్లా కొత్త అప్పుల వడ్డీ ఎనిమిది శాతానికి దగ్గరైంది. ఉన్న ఇల్లు అమ్మి ఇంకోటి కొంటే ఆ వడ్డీ కట్టాలి. అందుకే చాలామంది కదల్లేదు. కొనేవాళ్ళు తగ్గారు, అమ్మేవాళ్ళూ తగ్గారు, ధర దిగలేదు.

కాబట్టి ఈసారి వెళ్ళినప్పుడు బోర్డుల సంఖ్యతో ఆగకండి. ఆ పదకొండు బోర్డుల వెనక ఎవరున్నారో కనుక్కోండి. పిల్లల దగ్గరికి వెళ్ళిపోతున్న పెద్దవాళ్ళా, అప్పు తీర్చలేనివాళ్ళా, రెండో ఇల్లుగా కొని ఇప్పుడు వదిలించుకుంటున్నవాళ్ళా? ఏ బోర్డు ఎన్ని నెలలుగా ఉంది? మధ్యలో ధర దించారా? బ్యాంకు వేలం నోటీసులేమైనా కనిపిస్తున్నాయా? ఆగలేనివాళ్ళు ఎక్కువుంటే ధర దిగే అవకాశం ఎక్కువ. ఆగగలిగినవాళ్ళే ఎక్కువైతే ఆ బోర్డులు ఇంకో రెండేళ్ళు అలాగే ఎండుతాయి. ఒక పూట అక్కడే గడిపి నలుగురితో మాట్లాడితే బ్రోకర్లిద్దరూ చెప్పలేనిది మీకు తెలుస్తుంది. (‘ఆగండి’ అన్న బ్రోకరు ఆ వీధిలో ఇంకెవరి ఇల్లయినా అమ్మిపెడుతున్నాడేమో కూడా చూడండి. మీ బోర్డు లేచే వరకు అతనికి పోటీ ఒకటి తక్కువ!)

ఇక గ్రాఫు. పన్నెండింతలంటే గుండె ఝల్లుమంటుంది గానీ, 38 ఏళ్ళ మీద పరిస్తే ఏడాదికి సుమారు 6.8 శాతం. అదే కాలంలో మిగతా ధరలన్నీ ఎన్నింతలయ్యాయో పక్కన రాసుకోండి. అవి ఎనిమిదింతలై ఉంటే, ఇల్లు నిజంగా పెరిగింది ఒకటిన్నర రెట్లే. అంటే ఏడాదికి కాస్త అటూ ఇటూగా ఒక్క శాతం. మీ దగ్గరి ధరల సూచిక (మామూలు ఖర్చుల ధరలు ఏటా ఎంత పెరిగాయో చూపే పట్టిక) తీసుకుని ఈ లెక్క మీరే వేయండి, కష్టమేమీ లేదు. ఆ వచ్చినదాంట్లోంచి 38 ఏళ్ళ ఇంటి పన్ను, రంగులు, రిపేర్లు తీసేయాలి. ఎవరూ తీయరు. గ్రాఫు గీసేవాళ్ళు అసలే తీయరు.

ఇంత పొడవైన లెక్క ఇంకా పొడుగ్గా చూడాలనుకున్నవాళ్ళూ ఉన్నారు. ఆమ్‌స్టర్‌డామ్‌లో హెరెన్‌గ్రాక్ట్ అనే కాలువ ఒడ్డున వందల ఏళ్ళ నాటి ఇళ్ళున్నాయి. అవి చేతులు మారినప్పటి ధరలు పట్టుకుని పీట్ ఐక్‌హోల్ట్స్ అనే ఆర్థికవేత్త 1628 నుంచి 1973 దాకా ఒక సూచిక తయారుచేశారు. మిగతా ధరల పెరుగుదల తీసేస్తే, దాదాపు మూడున్నర శతాబ్దాల్లో అక్కడ ఇళ్ళు పెరిగింది రెండింతలకు అటూ ఇటూగా. ఏడాదికి 0.2 శాతం లెక్క. నగరంలో అందరూ కోరుకునే చోటే అలా ఉంది. మధ్యలో యుద్ధాలూ అంటువ్యాధులూ వచ్చినప్పుడు దశాబ్దాల పాటు పడిపోయి, మళ్ళీ లేచాయి.

మీ అన్నయ్య పక్షాన ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. ఇరవయ్యో శతాబ్దం నడిమి నుంచి కథ మారింది. 14 సంపన్న దేశాల్లో 1870 నుంచి 2012 వరకు ఇళ్ళ ధరలు పరిశీలించిన పరిశోధన ఒకటి 2017లో వచ్చింది. 1950ల దాకా నిజవిలువలో, అంటే మిగతా ధరల పెరుగుదల తీసేస్తే, ధరలు పెద్దగా కదల్లేదు. తర్వాత బాగా పెరిగాయి. ఆ పెరుగుదలలో సుమారు 80 శాతం నేల ధర పెరగడం వల్ల వచ్చిందే. గోడలూ పైకప్పూ వల్ల వచ్చింది కొంచెమే. మీ నాన్నగారి ఇంట్లోనూ పెరిగింది ఆ స్థలమే. ఇల్లు మాత్రం ఏటా కొంత పాతబడుతూనే ఉంది. తాళం వేసిన ఇల్లు ఇంకా తొందరగా పాతబడుతుంది.

‘ఎక్కడైనా కిందికి దిగిందా’ అన్న సవాలుకు మాత్రం జవాబులు బోలెడు. ఐర్లాండులో ధరలు 2007లో తారస్థాయికి చేరి, 2013కల్లా సగానికి పైగా పడిపోయాయి. మళ్ళీ ఆ స్థాయికి రావడానికి 2022 దాకా పట్టింది. జపానులో 1991 తర్వాత పెద్ద నగరాల్లో స్థలాల ధరలు పదేళ్ళకు పైగా ఏటా తగ్గుతూనే వచ్చాయి. అక్కడ కూడా అంతకుముందు నలభై ఏళ్ళ గ్రాఫు గీసి ఉంటే దాదాపు అంతా ఎక్కుడే కనబడేది. ఒకే దేశంలోనూ ప్రాంతానికో తీరు. 2006 తర్వాత లాస్ వేగాస్ ప్రాంతంలో ధరలు సుమారు 60 శాతం పడిపోయాయి, కోలుకోవడానికి పదిహేనేళ్ళు పట్టింది. డాలస్ ప్రాంతంలో పడింది అందులో చిన్న భాగమే. అంతకుముందు డాలస్‌లో ధరలు అంత ఎగరలేదు మరి, పడడానికీ అంత ఎత్తు లేదు. మీ అన్నయ్య గ్రాఫులో చూడాల్సింది 38 ఏళ్ళ వాలు కంటే చివరి నాలుగైదేళ్ళలో గీత మామూలు కంటే నిటారుగా లేచిందా అన్నది.

ఇంకో చిక్కు. ప్రాంతం మొత్తం సగటు ధర పెరిగిందంటే మీ ఇంటి ధర పెరిగిందని అర్థం కాదు. ఆ ఏడాది కొత్త పెద్ద ఇళ్ళు ఎక్కువ అమ్ముడైతే, పాత ఇల్లు ఒక్కటీ పెరగకపోయినా సగటు పెరుగుతుంది. అమ్మకాలు సగమైన మీలాంటి చోట ఇది మరీ ఎక్కువ. డబ్బున్నవాళ్ళే కొంటున్నప్పుడు లెక్కలోకి వచ్చేవన్నీ ఖరీదైన ఇళ్ళే. అందుకే కొన్ని సూచికలు ఒకే ఇల్లు రెండుసార్లు అమ్ముడైనప్పటి ధరలను మాత్రమే పోలుస్తాయి. మీరు చేయగలిగింది: మీ ఇంటిలాంటి పాత ఇళ్ళు, ఆ చుట్టుపక్కలే, గత ఏడాదిన్నరలో నిజంగా ఎంతకు రిజిస్టరయ్యాయో అయిదారు తెచ్చుకోండి. అడుగుతున్న ధర వేరు, చేతికి వచ్చిన ధర వేరు.

అసలు రాబోయే పదేళ్ళు ఆ ప్రాంతం ఎటు వెళ్తుందో గీత చెప్పదు. చదువైపోయిన పిల్లలు అక్కడే ఉంటున్నారా, వెళ్ళిపోతున్నారా? కొత్తగా పని దొరికే చోట్లు వస్తున్నాయా? ఇళ్ళు కట్టడానికి ఖాళీ నేల ఇంకా బోలెడుందా? మనుషులు పెరుగుతూ నేల దొరకని చోట ధర నిలబడుతుంది. మనుషులు తగ్గే చోట ఎంత మంచి ఇల్లయినా నిలబడదు. జపానులో 2023 లెక్క ప్రకారం 90 లక్షల ఇళ్ళు ఖాళీగా ఉన్నాయి, మొత్తం ఇళ్ళలో దాదాపు 14 శాతం. వాటిలో చాలావాటి వెనక మీ కథే ఉంటుంది: తల్లిదండ్రుల ఇల్లు, దూరంగా ఉన్న పిల్లలు, తేలని నిర్ణయం.

ఇక మీ సంగతి. కోపం తెచ్చుకోకండి, మీరూ గ్రాఫునే నమ్ముతున్నారు. కాకపోతే మీది చిన్న గ్రాఫు. మీరున్న చోట గత మూడు నాలుగేళ్ళు పెరిగింది కాబట్టి ఇక పెరుగుతూనే ఉంటుందని మీ భయం. ఇళ్ళ ధరలకు ఒక గుణం ఉంది. ఈ ఏడు పెరిగితే వచ్చే ఏడు కూడా ఎంతో కొంత అదే వైపు పోతాయి, ఒక్కసారిగా మళ్ళవు. కార్ల్ కేస్, రాబర్ట్ షిల్లర్ 1989లోనే దీన్ని చూపించారు. అంటే ఏడాది వరకు మీ భయానికి ఆధారం ఉంది. అయిదారేళ్ళకు లేదు.

మీకు నిజంగా పనికొచ్చే లెక్క రెండు ప్రాంతాల మధ్య తేడా. మీరు కొనాలనుకున్న ఇల్లు 100 అనుకోండి, పుట్టింట్లో మీ వాటా 30 అనుకోండి. తేడా 70. రెండు చోట్లా ఏడాదికి అయిదు శాతం చొప్పున పెరిగితే మూడేళ్ళకు అది 116, ఇది 35. తేడా 81. మీ వాటా పెరిగినా మీరు వెనకబడ్డారు. ఆగడం వల్ల మీకు లాభం రావాలంటే పుట్టింటి ప్రాంతం మీరున్న ప్రాంతం కంటే చాలా వేగంగా పెరగాలి, లేదా మీరున్న చోట ధరలు దిగాలి. మీ అన్నయ్యకు ఈ ఇబ్బంది లేదు. ఆయన ఇంకో ఇల్లు కొనక్కర్లేదు. అందువల్ల ఆయనకు ఆగడం ఉచితం, మీకు కాదు. వాదనలో ఇదొక్కటి చెప్పినా చాలు, గ్రాఫు జోలికి పోనక్కర్లేదు.

ఏం చేయవచ్చో చెప్తాను, ఎంచుకోవాల్సింది మీరిద్దరూ.

నాకు అన్నిటికంటే ముందు తోచింది, మీ వాటాను అన్నయ్యనే కొనమనడం. ధర తప్పకుండా పెరుగుతుందని నమ్మే మనిషికి అది మంచి బేరమే కావాలి. ఇద్దరూ చెరొక విలువ కట్టేవారిని పెట్టుకుని, రెండు అంకెల సగటు తీసుకోండి. ఒకేసారి ఇవ్వలేకపోతే రెండేళ్ళలో వాయిదాలు, కాగితం మీద. తర్వాత ఆయన ఎక్కువకు అమ్ముకుంటే మీ మనసు మండుతుంది, అది ఖాయం. అందుకే అయిదేళ్ళలోపు అమ్మితే పెరిగిన దాంట్లో ఇంత భాగం మీకు అని ముందే రాయించుకోండి. ఆయన ఈ మాట వినగానే వెనక్కి తగ్గితే, గ్రాఫు మీద ఆయనకున్న నమ్మకం ఎంతో మీ ఇద్దరికీ తెలిసిపోతుంది. అప్పుడు ఎత్తిపొడవకండి.

అమ్మడానికే ఒప్పుకుంటే, అమ్మకాలు సగమైన చోట బేరం నెమ్మదిగా నడుస్తుందని ముందే అనుకోండి. ఆ డబ్బు నమ్ముకుని మీరున్న చోట ఇంటికి అడ్వాన్సు ఇచ్చేయడం మాత్రం వద్దు. పుట్టింటిని కొనడానికి ఆరు నెలలు ఎవరూ రాకపోతే మీరు ఆగలేని అమ్మకందారు అయిపోతారు. ఆగలేనివాళ్ళకు ఏ ధర వస్తుందో పైన చెప్పాను. రిజిస్టరైన ధరల దగ్గరలో మొదలుపెట్టి, మూడు నెలల్లో చూడడానికి కూడా ఎవరూ రాకపోతే ఎంత దించాలో ఇద్దరూ ఇప్పుడే ఒప్పందానికి రండి. రెండేళ్ళ తర్వాత అక్కడ ధర పెరిగితే అన్నయ్య జీవితాంతం గుర్తు చేస్తాడు. ఆ ఖర్చు కూడా లెక్కలో వేసుకోండి.

అమ్మకుండా ఉంచితే తాళంతో ఉంచకండి. అద్దెకివ్వండి. ఇంటి మీద దీర్ఘకాలంలో వచ్చే రాబడిలో అద్దెది పెద్ద భాగం. తాళం వేసిన ఇల్లు దాన్ని పూర్తిగా వదులుకుంటుంది. అద్దె ఎవరు వసూలు చేస్తారు, రిపేర్లకు ఎవరు పెట్టాలి, ఎన్నాళ్ళకు మళ్ళీ కూర్చుని తేల్చుకోవాలి అన్నవి తేదీతో సహా రాసుకోవాలి. ‘ధర బాగా వచ్చినప్పుడు చూద్దాం’ అనే మాట ఒప్పందం కాదు. ఇలా అయితే సొంతింటి కోరిక కొన్నేళ్ళు వాయిదా పడుతుంది, లేదా చిన్న ఇంటితో సరిపెట్టుకోవాలి. మీరున్న చోట ఇంకో అయిదేళ్ళయినా ఉంటారన్న నమ్మకం లేకపోతే ఆ వాయిదా నష్టమేమీ కాదు. కొనేటప్పుడు, అమ్మేటప్పుడు పోయే ఖర్చులే కొన్నేళ్ళ పెరుగుదలను మింగేయవచ్చు. ఆ ఉద్యోగం ఇంకెన్నాళ్ళు అక్కడే ఉంటుందో మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. అది ఆలోచించుకోండి.

ఇక్కడ మీ ఉత్తరంలోని ఏడో పేజీకి వెళ్తాను. అన్నయ్య నెలకోసారి ఒక్కడే వెళ్ళి, తలుపులు తెరిచి, గంటసేపు కూర్చుని వస్తాడని రాశారు. ‘ఎందుకో మరి’ అని కూడా రాశారు. ఎందుకో మీకు తెలుసని నా అనుమానం. ఆయనకు ‘అమ్మ ఇల్లు అమ్మలేను రా’ అనడం చేతకాక గ్రాఫు తెచ్చి ఉండవచ్చు. అదే నిజమైతే మీరు ఎన్ని అంకెలు చూపించినా ఆయన ఇంకో అంకె తెస్తాడు. ధర గురించి మాట్లాడే రోజు వేరు, అమ్మ గురించి మాట్లాడే రోజు వేరు పెట్టుకోండి. రెండోది ముందు. వదినగారి ద్వారా కాకుండా, వీలైతే ఆ ఇంట్లోనే.

వెళ్ళినప్పుడు పైకప్పు పని మొదలుపెట్టించండి, ఖర్చు చెరిసగం. అమ్మినా, అద్దెకిచ్చినా, అన్నయ్యే ఉంచుకున్నా ఆ పని తప్పదు. వానలు వచ్చాక చేస్తే రెట్టింపవుతుంది.